ఒక్క రోజు ఒట్టు

మద్యానికి బానిసైన వ్యక్తి మానేస్తానన్నప్పుడు తెలుగు కుటుంబాలు సాధారణంగా కోరేది జన్మలో ముట్టనన్న ఒట్టు. బిడ్డ తల మీద చెయ్యి పెట్టి వేసినా, ఇలవేల్పు ఎదుట వేసినా దాని గడువు మిగిలిన జీవితమంతా. ఇందుకు భిన్నంగా, ఈ రోజు నిద్రపోయేదాకా తాగకుండా ఉంటే చాలునన్న నియమాన్ని దాదాపు తొంభై ఏళ్లుగా పాటిస్తున్న సహచర బృందం ఆల్కహాలిక్స్ అనానిమస్, క్లుప్తంగా ఏఏ. వర్తమానంలో జీవించాలన్న ఉపదేశం ఆచరణలో ఏ మేరకు నిలుస్తుందో తెలుసుకోవడానికి ఈ బృందం అనుభవం మంచి ఆధారం.

1935లో న్యూయార్క్ షేర్ మార్కెట్‌తో సంబంధమున్న బిల్ విల్సన్ వ్యాపార పనిమీద ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ నగరానికి వెళ్లి, ఆ పని చెడిపోయిన నిస్పృహలో హోటల్ బారు వైపు మనసు లాగుతుండగా, తనలాగే తాగుడుతో పోరాడుతున్న మరొకరితో మాట్లాడితే తప్ప నిలదొక్కుకోలేనని గ్రహించి చర్చిలకు ఫోన్లు చేశాడు. అలా పరిచయమైన శస్త్రవైద్యుడు రాబర్ట్ స్మిత్, పావుగంటకు మించి కూర్చోనని చెప్పి వచ్చి కూడా గంటల తరబడి మాట్లాడాడు. స్మిత్ చివరిసారి తాగిన రోజుగా చెప్పే జూన్ 10నే ఏఏ తన ఆవిర్భావ దినంగా లెక్కిస్తుంది. 1957లో భారతదేశానికి వచ్చిన ఈ బృందంలో చేరడానికి రుసుము లేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత.

రోజును ప్రమాణంగా తీసుకోవాలన్న ఆలోచన అంతకు ముందే ఉంది. ఓడలో ఒక గదిలోకి చేరిన నీరు మరో గదిలోకి పోకుండా ఇనుప తలుపులు మూసే ఏర్పాటును ఉదాహరణగా చూపి, నిన్నటినీ రేపటినీ అలాగే మూసివేసి ఈ రోజులో బతకమని వైద్యుడు విలియం ఆస్లర్ 1913లో యేల్ విశ్వవిద్యాలయ విద్యార్థులకు చెప్పాడు. ఏఏ ఈ తరహా ఆలోచనను తాగుడు సమస్యకు అన్వయించి, ఇరవై నాలుగు గంటల నియమంగా మార్చింది.

ఈ నియమం పనిచేసే తీరుకు మనస్తత్వశాస్త్రం రెండు కారణాలు చూపుతుంది. మొదటిది, దూరాన ఉన్న పెద్ద లాభం కంటే చేతికందే చిన్న సుఖమే మనసుకు విలువైనదిగా తోచడం. మద్యాధీనత, అంటే తాగనిదే శరీరమూ మనసూ కుదురుగా ఉండలేని స్థితి, ఉన్నవారిలో ఈ స్వభావం మరింత బలంగా ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. సాయంత్రం వైన్స్ ముందు నిలబడ్డ మనిషికి పదేళ్ల తరువాతి కాలేయ ఆరోగ్యం కంటే క్వార్టర్ సీసా ఎంతో దగ్గరగా కనిపిస్తుంది. అయితే తెల్లవారి తేలికైన తలతో లేవడం, జేబులో కూలి డబ్బు మిగలడం కూడా ఒక్క రాత్రి దూరంలోనే ఉంటాయి కనుక వాటికి ఆ సీసాతో పోటీపడే బలం వస్తుంది. రెండవది, నియమం ఒకసారి తప్పగానే అంతా పోయిందని భావించి పూర్తిగా జారిపోవడం. వ్యసనాలపై పరిశోధించిన అలన్ మార్లాట్ 1980లలో ఈ ధోరణిని విశదీకరించాడు. జీవితకాలపు ఒట్టు ఒక్క గుక్కతో భంగమవుతుంది, ఒక్క రోజు ఒట్టునైతే మరునాడు తిరిగి మొదలుపెట్టవచ్చు.

జీవితకాలపు ఒట్టుకూ ఒక్క రోజు ఒట్టుకూ నడుమ తెలుగు నేలపై మరో కొలత కూడా ఉంది. అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు మద్యం, మాంసం ముట్టనివారిలో కొందరు దీక్ష విరమించగానే పాత అలవాటుకు మళ్లుతారు. దీక్ష ఉద్దేశం భక్తే తప్ప వ్యసన చికిత్స కాదు కనుక ఇది దాని లోపం కాదు. పైగా మనిషికి తాగకుండా ఉండే శక్తి ఉందని అది నిరూపిస్తుంది. అయితే ముగింపు తేదీ ఉన్న నియమంలో ప్రతి రోజూ విడుదలకు దగ్గరవుతుంటే, ఒక్క రోజు నియమంలో లెక్క ఏ ఉదయానికా ఉదయం మళ్లీ ఒకటి నుంచే మొదలవుతుంది.

ఒక్క రోజులో జీవించడమంటే గతాన్ని మరచిపోవడం కాదు. ఏఏ సభ్యులు అనుసరించే పన్నెండు మెట్లలో ఎనిమిదవది తన వల్ల నష్టపోయినవారి జాబితా రాసుకోమంటుంది, తొమ్మిదవది వీలైన చోటల్లా ఆ నష్టాన్ని సరిదిద్దమంటుంది. మనోబలం వైద్యానికి ప్రత్యామ్నాయం కూడా కాదు. ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవారు హఠాత్తుగా మానేస్తే కొద్ది గంటల్లోనే వణుకు, చెమటలు మొదలై, తరువాతి రెండు మూడు రోజుల్లో మూర్ఛలు, మతిభ్రమ కూడా రావచ్చు కనుక తొలి రోజులు వైద్యుల పర్యవేక్షణలో గడవాలి. ఇక ఏఏ ఫలితాల విషయానికొస్తే, 27 అధ్యయనాలను పరిశీలించిన 2020 నాటి కాక్రేన్ వైద్య పరిశోధనల సమీక్ష, ఏఏలో చేరేలా పద్ధతి ప్రకారం ప్రోత్సహించే చికిత్సలు పూర్తి మద్య విరమణ విషయంలో ఇతర ప్రసిద్ధ చికిత్సల కంటే మెరుగైన ఫలితమిస్తున్నాయని తేల్చింది.

ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో అప్పట్లో సుమారు 2.9 కోట్ల మంది మద్యాధీనతలో ఉన్నారు. వారిలో ప్రతి 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందేది. చికిత్స దొరికినా దొరకకపోయినా వారి సాయంత్రాలు గడిచేది ఎక్కువగా కుటుంబాల మధ్యనే కనుక ఈ నియమం ఇంటివారికీ వర్తిస్తుంది. జన్మలో తాగవు కదా అన్న ప్రశ్నకు నిజాయతీగా జవాబు చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. ఈ సాయంత్రం ఎక్కడ, ఎవరితో గడుపుతావన్న ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పవచ్చు, ఇంటిల్లిపాదీ కలిసి దాన్ని నిజం చేయవచ్చు.