మీకు తెలుసా? చెరువు కొలతకు పడవ

పెద్ద పడవ ఉన్నవాడే చిన్న పడవ కోసం వెతుకుతాడు. డాలస్ చుట్టుపక్కల చెరువుల ఒడ్డున ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లయినా, ఇక్కడ రిజర్వాయర్ల పక్కన రిసార్టు నడిపేవాళ్లయినా అడిగేది ఒకటే. ఆదివారం పూట నలుగురం కాసేపు తిరిగి రావడానికి అంత పెద్ద లాంచీని కదిలించాలా? మన హైదరాబాద్ గడ్డిఅన్నారంలో పడవల గోల ఏమిటని తీసిపారేయకండి. నాగార్జునసాగర్‌కు వెళ్లే రోడ్డు మన ఎల్బీనగర్ దగ్గర నుంచే పోతుంది. సరూర్‌నగర్ చెరువైతే పక్కనే ఉంది, 1626లో తవ్వించింది.

● ఆ చెరువు పుణ్యాన పడవ ఒకసారి మన వీధుల్లోకే వచ్చింది. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో కురిసిన వానకు చెరువు నిండి పొంగింది, దిగువ కాలనీలు మునిగాయి, సహాయక బృందాలు రబ్బరు పడవలు దింపాయి. రబ్బరువే ఎందుకంటే, గాలి తీసి మడిస్తే జీపు వెనక పడుతుంది. ప్రహరీ గోడకు కొట్టుకున్నా చిట్లదు. లోపల గాలి గదులు విడివిడిగా ఉంటాయి కాబట్టి ఇనుప చువ్వ గుచ్చుకుని ఒకటి పోయినా మిగతావి తేల్చి ఉంచుతాయి. మోకాటి లోతు నీళ్లలో మోటారు పెడితే ప్రొపెల్లర్ నేలకు తగులుతుంది, అక్కడ తెడ్డే గతి. ఈ గుణాలన్నీ షికారు పడవకూ పనికొస్తాయి. ముఖ్యంగా మనలాంటి అపార్ట్‌మెంటు వాసులకు! ట్రైలర్ మీద పదహారు అడుగుల పడవ తెచ్చి సెల్లార్లో పెడతానంటే అసోసియేషన్ వాళ్లు ఊరుకుంటారా?

● పడవ కొనేముందు కొలవాల్సింది చెరువు పొడవు. గాలి నీటి మీద ఎంత దూరం అడ్డం లేకుండా పరుగెత్తితే అల అంత ఎత్తు లేస్తుంది. సరూర్‌నగర్ చెరువు అసలు విస్తీర్ణం 99 ఎకరాలు, అంటే చదరపు కిలోమీటరులో సగం కూడా లేదు. హుస్సేన్‌సాగర్ దాదాపు 5.7 చదరపు కిలోమీటర్లు. నాగార్జునసాగర్ జలాశయం నిండితే 285 చదరపు కిలోమీటర్ల దాకా పరుచుకుంటుంది. మొదటిదానిలో సాయంత్రపు గాలికి నీళ్లు గరుకెక్కుతాయంతే. మూడోదానిలో అదే గాలికి అంచు పొట్టిగా ఉన్న పడవలోకి నీళ్లు ఎగిరిపడతాయి. కాబట్టి సాగర్‌కు వెళ్లే చిన్న పడవకు పొడవు తక్కువైనా పరవాలేదు, నీటి పైన అంచు ఎత్తు మాత్రం తగ్గకూడదు. అలలు లేని చోట ప్రమాదం ఉండదనీ కాదు. 1990 మార్చి 10న హుస్సేన్‌సాగర్‌లో బల్లకట్టు మీద తరలిస్తున్న బుద్ధ విగ్రహం మునిగింది ఒడ్డుకు కనుచూపు మేరలోనే. ప్రాణాలూ పోయాయి. విగ్రహాన్ని పైకి తీసి నిలబెట్టేసరికి 1992 డిసెంబరు వచ్చింది.

● పడవ పొడవు నాలుగింతలు చేస్తే వేగం రెండింతలే పెరుగుతుంది! నీటిని చీల్చుకుంటూ పోయే పడవ తాను లేపిన అలలోనే ఇరుక్కుంటుంది, ఆ అల వేగం పడవ పొడవు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. లెక్క వేస్తే, నీటిని తాకే పొడవు 16 అడుగులున్న పడవ గంటకు సుమారు 10 కిలోమీటర్లు పోతుంది, 25 అడుగులది 12కు కాస్త పైన. తొమ్మిది అడుగులు ఎక్కువ కొని సంపాదించింది గంటకు రెండున్నర కిలోమీటర్లన్నమాట. ఇంకా వేగం కావాలంటే పడవ నీటి పైకి లేచి జారాలి. దానికి పెద్ద ఇంజనూ, బోలెడు పెట్రోలూ కావాలి. సాయంత్రం షికారుకు ఆ తొందర దేనికో నాకు అర్థం కాదు.

● ఒక మనిషి ఎక్కితే పడవ ఎంత దిగుతుంది? అడుగు చదునుగా, 4 మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు ఉన్న పడవ అనుకోండి. నీటి మీద పరుచుకున్న వైశాల్యం 6 చదరపు మీటర్లు. ఒక సెంటీమీటరు దిగితే 60 లీటర్ల నీళ్లు పక్కకు జరుగుతాయి, అంటే 60 కిలోలు మోస్తుంది. మనిషికి ఇంచుమించు ఒక సెంటీమీటరు. ఈ లెక్క తెలిస్తే అమ్మేవాడు ‘ఎనిమిది మంది హాయిగా పడతారు సార్’ అన్నప్పుడు ఎంత నమ్మాలో తెలుస్తుంది. మునగకపోవడం వేరు, ఒక పక్కకు అందరూ జరిగినా ఒరగకపోవడం వేరు.

● కృష్ణా తీరంలో జాలర్ల పుట్టి చూశారుగా. వెదురు తడికెను గుండ్రంగా అల్లి, ఒకప్పుడు తోలు తొడిగేవారు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పి తారు పూస్తారు. ఒడ్డుకు రాగానే ఒక్కడే దాన్ని బోర్లించి వీపున వేసుకుని ఇంటికి పోతాడు. ముక్కూ తోకా లేవు కాబట్టి తెడ్డు పక్కన వేస్తే తిరగలిలా తిరుగుతుంది. ముందు వైపు నీటిని తన వైపుకు లాక్కోవాలి. కూర్చున్నంతసేపు బోల్తా పడడం కష్టం, నిలబడితే సంగతి వేరు. పెద్ద పడవకు తోడుగా ఉంచుకునే చిన్న పడవల్లో ఇంతకన్నా చవకైనది నాకు తెలియదు.

● అమెరికా చెరువుల్లో మనవాళ్లు కుటుంబాలతో అద్దెకు తీసుకునే పాంటూన్ పడవ ఉంది చూశారూ, రెండు మూడు అల్యూమినియం గొట్టాల మీద చదునైన అరుగు, చుట్టూ సోఫాలు. దాన్ని 1950ల మొదట్లో మిన్నెసోటాలో ఆంబ్రోస్ వీరెస్ అనే ఆయన చేశాడు. ఇనుప పీపాలను వరసగా అతికి, పైన చెక్కలు పరిచాడు. ఆ పని మనకు కొత్త కాదు. కొల్లేటి వైపు తాటి మొద్దును తొలిచి దోనె చేస్తారు. ఒక్క దోనె ఒళ్లు కదిపితే ఒరుగుతుంది. రెండింటిని పక్కపక్కన కట్టేస్తే సంగడి, దాని మీద నిలబడి వల కూడా విసరొచ్చు. గోదావరి రేవుల్లో బండ్లను దాటించే పంటు కూడా రెండు పడవల మీద బల్ల పరిచినదే. ముసలివాళ్లు, పిల్లలు, టిఫిన్ క్యారేజీలతో వెళ్లేవారికి నా ఓటు ఈ జాతికే. అయితే పక్కగాలికి ఇది తేలిగ్గా కొట్టుకుపోతుంది, లంగరు మరవకండి.

● పిల్లలకు తెరచాప నేర్పాలంటే ఆప్టిమిస్ట్. హుస్సేన్‌సాగర్‌లో చిన్న పిల్లలు ఒంటరిగా నడుపుతూ కనిపించే డబ్బా లాంటి పడవ అదే. 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ గీశాడు. రెండు ప్లైవుడ్ షీట్లలో సరిపోవాలన్నది ఆయనకు పెట్టిన షరతు, మన దుకాణాల్లో దొరికే అదే ఎనిమిది బై నాలుగు షీటు. పొడవు 2.3 మీటర్లు, ఖాళీ పడవ బరువు 35 కిలోలు.

● ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ పడవనూ నడుపుతుంది. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 1.8 యూనిట్ల కరెంటు ఉంటుంది. చిన్న విద్యుత్ మోటారు పూర్తి జోరు మీద 50 ఆంపియర్లు లాగితే కాగితం మీద మూడు గంటలు. సీసం బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు కాబట్టి గంటన్నరే అనుకోండి. అదీ ఒక మనిషంత బరువు, సీటొకటి తగ్గించుకోవాలి.

● లైఫ్ జాకెట్ మీద 50, 100, 150 అని న్యూటన్లలో అంకె ఉంటుంది. 50 ఈత వచ్చినవారికి, ఒడ్డు దగ్గరే అయితే. చెరువు షికారుకు 100 తీసుకోండి. పిల్లల దానికి కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ తప్పక ఉండాలి, లేకపోతే జాకెట్ పైకి తేలి పిల్లవాడు కిందికి జారిపోతాడు.

● మోటారు పెట్టారా, కాగితాలు కూడా కావాలి. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో అంతర్గత జలనౌకల చట్టం వచ్చింది. యంత్రంతో నడిచే పడవకు రిజిస్ట్రేషన్, తనిఖీ, బీమా అందులోని మాటలే. చెరువు ఎవరి అధీనంలో ఉందో, నీటిపారుదల శాఖదా మరొకరిదా, ముందే కనుక్కుని అనుమతి తీసుకోండి. తెడ్డు వేసే సరదా చాలనుకుంటే వికారాబాద్ దగ్గర కోటేపల్లి రిజర్వాయర్‌లో కయాక్‌లు అద్దెకు దొరుకుతున్నాయేమో కనుక్కోండి.