ప్రభుత్వ బ్యాంకులు: కౌంటర్‌లో 57 ఏళ్ల సీనియర్.. క్యాబిన్‌లో 27 ఏళ్ల మేనేజర్! ఈ గ్యాప్ ఎలా వచ్చింది? కస్టమర్‌కి దీంతో పనేంటి?

ప్రభుత్వ రంగ బ్యాంకు బ్రాంచ్‌కి ఎప్పుడు వెళ్లినా ఒక విషయం కనిపిస్తుంది. క్యాష్ కౌంటర్‌లో రిటైర్‌మెంట్‌కి దగ్గర పడిన ఉద్యోగి ఉంటారు. లోపల క్యాబిన్‌లో ఆయన పిల్లల వయసున్న మేనేజర్ ఉంటారు. మధ్య వయసు వాళ్లు మాత్రం చాలా బ్రాంచ్‌ల్లో తక్కువే. 'ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు', 'పాతవాళ్లకు కంప్యూటర్ రాదు' అని రెండు వైపులా మాటలు వినిపిస్తుంటాయి. కానీ అసలు కారణం వయసు కాదు. దాదాపు పాతికేళ్ల కిందట తీసుకున్న కొన్ని నిర్ణయాలు. అవేంటి? వాటి ప్రభావం బ్యాంకు బిజినెస్ మీద, మన అకౌంట్ మీద ఎలా పడుతోంది? ఇప్పుడు చూద్దాం..

మధ్య తరం ఎక్కడికి పోయింది?

1990ల్లో బ్యాంకుల్లోకి కంప్యూటర్లు రావడం పెరిగింది. కంప్యూటరీకరణపై యూనియన్లకు, యాజమాన్యాలకు మధ్య 1993లో కీలక ఒప్పందం కుదిరింది. లెడ్జర్లు పోయి స్క్రీన్లు రావడంతో సిబ్బంది ఎక్కువగా ఉన్నారన్న చర్చ మొదలైంది. దీంతో కొత్త నియామకాలు బాగా తగ్గిపోయాయి.

ఆ తర్వాత 2000-01లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం, అంటే వీఆర్ఎస్ తెచ్చారు. 15 ఏళ్ల సర్వీసు లేదా 40 ఏళ్ల వయసు ఉంటే అప్లై చేసుకోవచ్చన్నారు. దాదాపు లక్ష మంది ఉద్యోగులు బయటకు వెళ్లిపోయారు. బయట అవకాశాలున్న అనుభవజ్ఞులు కూడా ఇందులో ఉన్నారు. సరిగ్గా అదే సమయంలో, 2001లో బ్యాంకింగ్ సర్వీస్ రిక్రూట్‌మెంట్ బోర్డులను కూడా రద్దు చేశారు. అంటే ఒకవైపు జనం వెళ్లిపోయారు, మరోవైపు వచ్చే దారి మూసుకుపోయింది.

అదే టైమ్‌లో చదువు పూర్తి చేసిన తెలుగు కుర్రాళ్లలో చాలామంది సాఫ్ట్‌వేర్ కోర్సుల వైపు వెళ్లారు. బ్యాంకు పరీక్షల సందడి మళ్లీ మొదలైంది 2008 తర్వాతే. 2011 నుంచి ఐబీపీఎస్ ఉమ్మడి పరీక్షలు మొదలయ్యాక నంద్యాల నుంచి హైదరాబాద్ వరకు కోచింగ్ సెంటర్లు కిటకిటలాడాయి.

ఈ లోపు ఏం జరిగిందంటే.. 1980ల్లో చేరిన వాళ్లు పెద్దవాళ్లయ్యారు. 2010 తర్వాత చేరిన వాళ్లు కొత్తవాళ్లు. మధ్యలో ఉండాల్సిన తరం పల్చబడిపోయింది. బ్యాంకుల్లో మానవ వనరులపై 2010లో నివేదిక ఇచ్చిన ఖండేల్వాల్ కమిటీ కూడా రాబోయే పదేళ్లలో భారీగా రిటైర్‌మెంట్లు ఉంటాయని హెచ్చరించింది.

ఏ ఆఫీసులో అయినా పెద్దవాళ్లకు, కుర్రవాళ్లకు మధ్య వారధిగా ఉండేది 40ల్లో ఉన్నవాళ్లే. పై వాళ్ల మాట కింది వాళ్లకు అర్థమయ్యేలా చెప్పేది వాళ్లే. కింది వాళ్ల ఇబ్బంది పైకి చేరవేసేదీ వాళ్లే. ఆ వారధే సన్నగా ఉంటే? ప్రతి చిన్న విషయం నేరుగా రెండు తరాల మధ్య గొడవగానే కనిపిస్తుంది.

సీనియర్ క్లర్క్‌కి ప్రమోషన్ ఎందుకు రాలేదు?

కొత్తగా వచ్చిన ప్రొబేషనరీ ఆఫీసర్లు తరచూ పొరబడేది ఇక్కడే. '30 ఏళ్ల సర్వీసు ఉండి కూడా క్లర్క్‌గానే ఉన్నారంటే పని రాదేమో' అనుకుంటారు. కానీ చాలామంది విషయంలో ఇది నిజం కాదు. ఆఫీసర్‌గా ప్రమోషన్ తీసుకుంటే ట్రాన్స్‌ఫర్ తప్పదు. ఊళ్లో ముసలి తల్లిదండ్రులు, పిల్లల చదువులు, భార్య లేదా భర్త ఉద్యోగం.. ఇవన్నీ చూసుకుని ప్రమోషన్ వద్దనుకున్న వాళ్లు ప్రతి బ్యాంకులోనూ ఉన్నారు. అది చేతకానితనం కాదు, లెక్క వేసుకుని తీసుకున్న నిర్ణయం.

అటు సీనియర్ల అపోహ ఇంకోలా ఉంటుంది. 'నిన్న మొన్న వచ్చి మాకే చెబుతున్నాడు' అనేది వాళ్ల బాధ. కానీ ఆ కుర్ర మేనేజర్ లక్షల మందితో పోటీపడి ఉద్యోగం తెచ్చుకున్నాడు. సొంత రాష్ట్రం వదిలి, భాష రాని ఊళ్లో, డిపాజిట్లు, లోన్లు, ఇన్సూరెన్స్ పాలసీల టార్గెట్లు నెత్తిన పెట్టుకుని పని చేస్తున్నాడు. పైనుంచి వచ్చే ఫోన్ ఆయనకే వస్తుంది, కౌంటర్‌లో ఉన్న సీనియర్‌కి కాదు.

ఒకే ఆఫీసు.. రెండు పెన్షన్లు!

ఇది మనస్తత్వాల తేడా మాత్రమే కాదు. జేబుకు సంబంధించిన తేడా కూడా ఉంది. 2010 ఏప్రిల్ 1కి ముందు చేరి, బ్యాంకు పెన్షన్ స్కీమ్‌లో ఉన్నవాళ్లకు చివరి నెలల జీతం ఆధారంగా లెక్కించే పెన్షన్ వస్తుంది. ఆ తేదీ నుంచి చేరిన వాళ్లంతా ఎన్‌పీఎస్ కిందకు వెళ్లారు. ఉద్యోగి 10 శాతం కడితే, బ్యాంకు వాటాను 2020 నాటి వేతన ఒప్పందంలో 14 శాతానికి పెంచారు. అయినా చివరికి ఎంత వస్తుందనేది మార్కెట్‌ని బట్టే ఉంటుంది.

దీంతో ఏమవుతుంది? సీనియర్‌కి బ్యాంకు అంటే జీవితాంతం తోడుండే సంస్థ. జూనియర్‌కి అది ఒక మంచి ఉద్యోగం, అంతకంటే మంచిది దొరికితే వెళ్లిపోవచ్చు. 'వీళ్లకు సంస్థ మీద ప్రేమ లేదు' అని సీనియర్లు అంటుంటారు. అసలు సంస్థే రెండు తరాలతో రెండు రకాల ఒప్పందాలు చేసుకుంది కదా! ప్రేమ కూడా దాన్ని బట్టే ఉంటుంది. ఈ తేడాను ఒప్పుకోకుండా 'మనమంతా ఒకే కుటుంబం' అని మీటింగుల్లో చెబితే జూనియర్లు నమ్మరు.

బిజినెస్‌కి దీనికి లింకేంటి?

ఇక్కడే అసలు విషయం ఉంది. 1990ల మధ్యలో కొత్త ప్రైవేట్ బ్యాంకులు వచ్చాయి. ఏటీఎం, ఫోన్ బ్యాంకింగ్, ఏసీ బ్రాంచ్‌లు.. ఇలా ఉద్యోగం చేసే యువతను టార్గెట్ చేసుకున్నాయి. దీన్నే వ్యాపార భాషలో 'పొజిషనింగ్' అంటారు. అంటే కస్టమర్ మనసులో మన బ్రాండ్‌కు ఒక స్థానం సంపాదించుకోవడం. ప్రభుత్వ బ్యాంకు అనగానే 'భద్రత' అని, ప్రైవేట్ బ్యాంకు అనగానే 'స్పీడ్' అని జనం మనసులో ముద్ర పడిపోయింది.

ఈ ముద్ర మార్చుకోవడానికి బ్యాంక్ ఆఫ్ బరోడా 2005లో కొత్త లోగో తెచ్చింది. క్రికెటర్ రాహుల్ ద్రావిడ్‌ను బ్రాండ్ అంబాసిడర్‌గా పెట్టుకుంది. అప్పటి సీఎండీ అనిల్ ఖండేల్వాల్ అంతటితో ఆగలేదు. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేసే బ్రాంచ్‌ల లాంటి మార్పులు కూడా తెచ్చారు. ఎందుకంటే యాడ్‌లో ఎంత కొత్తగా కనిపించినా, కస్టమర్‌కి బ్యాంకు అంటే కౌంటర్ వెనక ఉన్న మనిషే. మానవ వనరులపై తర్వాత వేసిన కమిటీకి ఇదే ఖండేల్వాల్ నేతృత్వం వహించడం గమనార్హం.

ఎస్‌బీఐది ఇంకో దారి. ఓపీ భట్ ఛైర్మన్‌గా ఉన్నప్పుడు 2007లో 'పరివర్తన్' పేరుతో ఉద్యోగులందరికీ ట్రైనింగ్ పెట్టారు. కొన్ని నెలల్లోనే లక్ష మందికి పైగా ఇందులో పాల్గొన్నారు. బ్యాంకు మార్కెట్ వాటా ఎలా తగ్గిపోతోందో దాచకుండా వాళ్ల ముందు పెట్టారు. చాలా ఏళ్లుగా పనిచేస్తున్న సిబ్బందికి 'మారండి' అని ఆర్డర్ వేయకుండా, ఎందుకు మారాలో చెప్పడమే ఇందులో అసలు పాయింట్. ఆ తర్వాత పదేళ్లకు, 2017 నవంబర్‌లో యోనో యాప్ వచ్చింది.

పేరు పోయినా నమ్మకం ఎక్కడ ఉంది?

తెలుగు వాళ్లకు ఈ విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిసిపోయింది. అంతకు మూడేళ్ల ముందు, 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో కలిసింది. బోర్డులు మారాయి, పాస్‌బుక్‌లు మారాయి, ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు మారాయి. అయినా ఊళ్లల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ 'ఆంధ్రా బ్యాంక్‌కి వెళ్లొస్తా' అనే అంటారు.

ఆ నమ్మకం బోర్డు మీద లేదు. 'ఫలానా సార్ ఉన్నారు కదా' అన్న మాటలో ఉంది. ఏ రైతు పంట అమ్మగానే బాకీ కడతాడు, ఎవరు మాట తప్పుతారు, ఏ ఇంట్లో అన్నదమ్ముల మధ్య గొడవ ఉంది.. ఈ సంగతులు ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉండవు. ఆ సార్ రిటైరైన రోజు అవి ఆయనతోపాటే వెళ్లిపోతాయి. అలాగని పాతతరం అంటే పాత పద్ధతులే అనుకుంటే పొరపాటే. 1981లోనే క్రెడిట్ కార్డులు తెచ్చింది ఇదే ఆంధ్రా బ్యాంక్!

గొడవ ముదిరితే నష్టం ఎవరికి?

బ్యాంకు పనిలో 'మేకర్-చెకర్' అనే పద్ధతి ఉంటుంది. ఒకరు ఎంట్రీ చేస్తారు, ఇంకొకరు చూసి ఓకే చేస్తారు. స్ట్రాంగ్ రూమ్ కూడా ఒక్కరి చేతిలో ఉండదు. ఇద్దరి దగ్గర ఉన్న తాళాలు కలిస్తేనే తెరుచుకుంటుంది. అంటే ఈ వ్యవస్థే ఇద్దరి మీద నడుస్తుంది.

కంప్యూటర్‌తో ఇబ్బంది పడే సీనియర్ 'నువ్వే కొట్టెయ్ బాబూ' అని పాస్‌వర్డ్ ఇచ్చేస్తే? లేదా అడిగితే చిన్నతనం అనుకుని ఆయన చూడకుండానే ఓకే కొడితే? అప్పుడు పేరుకు ఇద్దరు, పనికి ఒక్కరే. మోసాలకు దారి దొరికేది అక్కడే. అలాగే 'ఈ లోన్ ఇవ్వొద్దు, ఆ కుటుంబం సంగతి నాకు తెలుసు' అని సీనియర్ చెప్పబోతే జూనియర్ వినకపోయినా నష్టమే. చివరికి పోయేది డిపాజిటర్ల డబ్బే.

మరి ఏం చేయాలి?

1999లో జీఈ కంపెనీ బాస్ జాక్ వెల్చ్ తన టాప్ అధికారులను ఇంటర్నెట్ నేర్చుకోవడానికి జూనియర్ల దగ్గర కూర్చోబెట్టారు. దీనికే 'రివర్స్ మెంటారింగ్' అని పేరొచ్చింది. మన బ్యాంకుల్లో ఇది ఒకవైపే ఉంటే సరిపోదు. యాప్ సంగతి జూనియర్ చెప్పాలి, లోన్ అడిగే మనిషిని అంచనా వేయడం సీనియర్ నేర్పాలి. ఇద్దరూ ఏదో ఒక దాంట్లో గురువే అయితే ఎవరికీ చిన్నతనం ఉండదు.

జర్మనీలోని డింగోల్ఫింగ్ ప్లాంట్‌లో బీఎండబ్ల్యూ 2007లో ఒక ప్రయోగం చేసింది. కార్మికుల సగటు వయసు 47 ఏళ్లు ఉండేలా ఒక ప్రొడక్షన్ లైన్ పెట్టి, ఏం మార్చాలో వాళ్లనే అడిగింది. చెక్క ఫ్లోరింగ్, కూర్చుని పనిచేసే కుర్చీలు.. ఇలా 70 చిన్న మార్పులు చేశారు. ఏడాదిలో ఆ లైన్ ఉత్పాదకత 7 శాతం పెరిగింది. ఖర్చు కూడా పెద్దగా కాలేదు. బ్రాంచ్‌ల్లోనూ పెద్ద అక్షరాల స్క్రీన్, అర్థమయ్యే మెనూ, తొందరపెట్టని ట్రైనింగ్ లాంటివి ఇలాంటి మార్పులే.

కుర్ర మేనేజర్లకు అనుభవజ్ఞులు చెప్పే మాట ఒకటే. తప్పుంటే క్యాబిన్‌లో చెప్పండి, మెచ్చుకోవాలంటే కస్టమర్ల ముందు మెచ్చుకోండి. 'సార్, ఈ ఊళ్లో ఈ పార్టీ ఎలాంటిది?' అని అడిగితే మేనేజర్ పదవి తగ్గిపోదు. సీనియర్లు కూడా నలుగురిలో 'ఏం బాబూ' అనకుండా 'మేనేజర్ గారూ' అంటే, ఆ గౌరవం బ్రాంచ్ మొత్తానికీ వస్తుంది.

కస్టమర్లు కూడా రెండు తరాల వాళ్లే. 2021 నుంచి పెన్షనర్లు ఫోన్‌లో ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే సౌకర్యం ఉంది. అయినా నవంబర్ వస్తే బ్రాంచ్‌కే వచ్చే పెద్దలు ఎంతోమంది. వాళ్ల పక్కన కూర్చుని ఆ యాప్ చూపించే ఓపిక ఒకరికి ఉండాలి, ఆ పెద్దాయనను పేరు పెట్టి పలకరించే చనువు ఇంకొకరికి ఉండాలి. ఈ రెండూ ఒకే చోట దొరకడమే ప్రభుత్వ బ్యాంకులకు ఉన్న అసలైన బలం. ప్రైవేట్ బ్యాంకులు గానీ, కొత్త పేమెంట్ యాప్‌లు గానీ దాన్ని అంత తేలిగ్గా కాపీ కొట్టలేవు. కాకపోతే 1980ల్లో చేరిన వాళ్లలో చాలామంది ఇప్పటికే 60 ఏళ్లు నిండి వెళ్లిపోయారు. ఇంకా మిగిలిన కొద్దిమంది దగ్గర నేర్చుకోవడానికి బ్యాంకులకు ఉన్న టైమ్ కూడా కొద్దిగానే ఉంది.