దెబ్బ – వణుకు – అరుగుదల

ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడలను దాటి తూర్పున చెంగిచెర్ల వైపు వెళ్లేవారికి కొత్త ఇళ్ల నడుమ ఇంకా మిగిలిన బండరాళ్లు కనిపిస్తాయి. హైదరాబాదు నేల అడుగున ఉన్నది దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు శిల. ఇక్కడ పునాది తీయాలన్నా, నీటి గొట్టానికి కాలువ తవ్వాలన్నా ఆ శిలతో తలపడక తప్పదు. పూర్వం ఇందుకు ఉలి, సుత్తి, సమ్మెట సాధనాలు. నేడు వాటి స్థానాన్ని విద్యుత్తుతోనో, సంపీడిత వాయువుతోనో పనిచేసే చేతియంత్రాలు చాలావరకు ఆక్రమించాయి. అయితే రాతిపై వేసిన దెబ్బ రాతితోనే ఆగదు. అందులో కొంత వెనుదిరిగి యంత్రంలోకి, యంత్రం నుండి దానిని పట్టుకున్న చేతిలోకి ప్రవేశిస్తుంది. ఆ వెనుదిరిగిన శక్తిని ఎక్కడ ఆపాలి, ఎలా ఆపాలి అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

ఈ సమస్య యంత్రాలతో పుట్టినది కాదు. రాళ్లు కొట్టేవారు సమ్మెటకు బిరుసైన కర్రకు బదులు వంగే వెదురు పిడిని అమర్చుకోవడం కద్దు. చూసేవారికి అది బలహీనమైన పిడిగా తోచవచ్చు. నిజానికి దెబ్బ తగిలిన క్షణంలో ఆ వెదురు వంగి, అదురును తనలో ఇముడ్చుకొని, మణికట్టుకు చేరనీయదు. భౌతికశాస్త్రం చదవని పనివాడు కనుగొన్న ఈ ఉపాయంలోని సూత్రమే నేటి యంత్రాలలోనూ ఉన్నది.

మారినది దెబ్బల సంఖ్య. 1895లో జర్మనీలోని స్టట్‌గార్ట్ నగరంలో ఫైన్ సంస్థ తొలి విద్యుత్ చేతి డ్రిల్లును తయారుచేసింది. నేడు గోడలకు రంధ్రాలు చేసే చిన్న రోటరీ హ్యామర్ నిమిషానికి 4,000కు పైగా దెబ్బలు వేస్తుంది. అంటే సెకనుకు సుమారు 70. నాలుగు అంగుళాల గ్రైండర్ బిళ్ల నిమిషానికి 11,000 సార్లు తిరుగుతుంది. సమ్మెట దెబ్బకూ దెబ్బకూ మధ్య చేతికి దొరికిన విశ్రాంతి ఇక్కడ లేదు. యంత్రభాగాలకూ లేదు.

ఈ నిరంతర ప్రకంపన యంత్రాన్ని పలువిధాల అరగదీస్తుంది. బేరింగు గుండ్లు తమ గాడిలో గుంటలు చేస్తాయి. గేరు పళ్ల అంచులు పగులుతాయి. కార్బను బ్రష్షులు ఎగిరెగిరి పడి నిప్పురవ్వలు చిమ్ముతాయి. గట్టిగా బిగించిన మరలు సైతం వదులవుతాయి. పక్కవాటు కదలిక వల్లనే మర ఎక్కువగా వదులవుతుందని 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు నిరూపించాడు. బిగుతుగా అమర్చిన రెండు ఉక్కు భాగాలు కంటికి కనబడనంత స్వల్పంగా ఒరుసుకొన్నా అక్కడ తుప్పు వంటి ఎర్రని పొడి రాలుతుంది. యంత్రం విప్పినప్పుడు ఆ పొడి కనిపిస్తే చాలు, లోపల ఏదో వదులైనదని గ్రహించవచ్చు.

ఇక నివారణ. విద్యార్థులు అనునాదం, సహజ పౌనఃపున్యం, అవరుద్ధ డోలనాలు అనే మాటలు భౌతికశాస్త్ర తరగతిలో విని ఉంటారు. రబ్బరుపై నిలిపిన ప్రతి వస్తువుకూ ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. యంత్రపు ప్రకంపన పౌనఃపున్యం దానితో సమానమైతే అనునాదం ఏర్పడి వణుకు తగ్గడానికి బదులు పెరుగుతుంది. దానికి సుమారు 1.4 రెట్లు దాటిన తరువాతనే రబ్బరు వణుకును తగ్గించడం మొదలవుతుంది. మూడు రెట్లయితే, అవరోధం స్వల్పమైనప్పుడు, ఎనిమిదో వంతు మాత్రమే అవతలికి చేరుతుంది. కనుక రబ్బరు మెత్తగా ఉండాలి. మరీ మెత్తనైతే పిడి అదుపులో నిలవదు. వణుకును వేడిగా మార్చే అవరోధ గుణమూ రబ్బరుకు కావాలి; యంత్రం వేగం అందుకొనేటప్పుడూ, ఆగేటప్పుడూ అనునాద స్థితిని దాటించేది అదే. ఆ గుణం మితిమీరితే మళ్లీ వణుకు చేతికి చేరుతుంది. బట్టలుతికే యంత్రం ఆగబోయే ముందు ఒక్క క్షణం ఎక్కువగా ఊగడాన్ని గమనిస్తే ఈ విషయం బోధపడుతుంది.

పిడికి తొడిగిన రబ్బరు చేతిని కాపాడుతుంది గాని లోపలి గేర్లను కాపాడదు. యంత్రమూ నిలవాలంటే దెబ్బ పుట్టే చోటనే దానిని మచ్చిక చేయాలి. చవకైన ఇంపాక్ట్ డ్రిల్లులో రెండు పళ్ల బిళ్లలు ఒకదానిపై ఒకటి ఎగురుతూ దెబ్బను పుట్టిస్తాయి. ఉక్కుపై ఉక్కు! పళ్లు అరుగుతాయి, అదురంతా చేతికి వస్తుంది. రోటరీ హ్యామర్‌లో అలా కాదు. ముషలకానికీ, దెబ్బ వేసే దిమ్మకూ నడుమ గాలి బంధింపబడి ఉంటుంది. ఆ గాలే స్ప్రింగు. మోటారు ఎన్నడూ దెబ్బను నేరుగా ఎదుర్కొనదు. యంత్రాన్ని రాతి నుండి ఎత్తగానే దిమ్మ ముందుకు జారి ఒక రబ్బరు రింగులో చిక్కుకొంటుంది. గాలి రంధ్రాలు తెరుచుకొని దెబ్బలు ఆగిపోతాయి. ఆ రింగు బిరుసెక్కితే ఖాళీ దెబ్బలు మొదలవుతాయి. రాతికి చెందవలసిన శక్తి అంతా యంత్రపు ముందుభాగంపైనే పడుతుంది. ఆ రింగు యంత్రపు వెలలో అత్యల్ప భాగం. దానిని మార్చకుండా గేరుపెట్టెను మార్చుకొనేవారిని ఏమనాలి?

పెద్ద యంత్రాలలో మరొక ఉపాయమున్నది. 1909లో హెర్మన్ ఫ్రామ్ రూపొందించిన పద్ధతి ననుసరించి, స్ప్రింగుల నడుమ ఒక బరువును అమర్చుతారు. యంత్రం ముందుకు కదిలినప్పుడు అది వెనుకకు కదిలి వణుకును రద్దుచేస్తుంది.

ఇదంతా యంత్రం కోసమే అనుకోరాదు. 1918లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, బెడ్‌ఫర్డ్ సున్నపురాతి గనులలో గాలిసుత్తులతో పనిచేసేవారిని ఆలిస్ హామిల్టన్ అనే వైద్యురాలు పరీక్షించింది. చలి వేళల్లో వారి వేళ్లు రక్తప్రసరణ లేక తెల్లబడి మొద్దుబారేవి. మనవంటి ఉష్ణదేశాలలో వేళ్లు తెల్లబడడం అరుదు గనుక వ్యాధి లేదని భ్రమపడే ప్రమాదమున్నది. తిమ్మిరి, పట్టు సడలడం, చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం ఇక్కడి తొలి గుర్తులు. బ్రిటన్ 2005 నాటి నిబంధనలలో ఎనిమిది గంటల పనికి చేతికి చేరే ప్రకంపన త్వరణం సెకను వర్గానికి 5 మీటర్లు మించరాదని హద్దు విధించింది. ప్రకంపన రెట్టింపైతే అనుమతించే కాలం సగం కాదు, నాలుగో వంతు. అంటే రెండు గంటలే.

పిడికి సైకిలు ట్యూబు చుట్టడం, మందమైన చేతితొడుగులు ధరించడం వంటివి గ్రైండరు విషయంలో కొంత తోడ్పడవచ్చు; సుత్తివలె కొట్టే యంత్రాల మందగతి ప్రకంపనకు అవి దాదాపు అడ్డురావు. బలమంతా వేసి నొక్కడం అంతకంటె చెడ్డది. పిడిలోని స్ప్రింగు పూర్తిగా అణగిపోయి, ఉన్న రక్షణ కూడా పోతుంది. మొద్దుబారిన మొనను మార్చి, ఎండిన గ్రీజును తీసి కొత్తది నింపి, యంత్రాన్ని దాని బరువుతోనే పనిచేయనిస్తే మొన తానే రాతిలోకి దిగుతుంది.