కుక్కను పెంచాలా? ముందు లెక్క చూసుకోండి

మిరపకాయలు కళ్లంలో ఆరబోశాక రైతుకు కంటి మీద కునుకుండదు. బోరు దగ్గర స్టార్టరు, కేబుల్ తీగ ఎవరెత్తుకుపోతారోనన్న భయం ఒకపక్క. వేరుశనగ కాయ ఊరే వేళకు అడవి పందులు, మొక్కజొన్న పాలు పోసుకునే వేళకు కోతులు మరోపక్క. ఇలాంటప్పుడే 'ఓ కుక్కపిల్లను తెచ్చి పెంచుకుంటే పోలా' అనిపిస్తుంది. ఎవరింట్లోనో కుక్క ఈనిందని తెలిస్తే సాయంత్రానికల్లా గోనెసంచిలో పిల్ల ఇంటికి చేరుతుంది. ఏడాది తిరిగేసరికి కోళ్లను చంపుతోందనో, దారిన పోయేవాళ్ల మీద పడుతోందనో సంత దగ్గర వదిలేసి వచ్చేవాళ్లూ ఉన్నారు.

ఆవును కొనేముందు మేత ఎంత, నీడ ఎక్కడ, పాలు ఎన్ని అని పది రకాలుగా ఆలోచించే రైతు కుక్క విషయంలో ఆ లెక్క చూడడు. ఊరకే వచ్చింది కదా అనుకుంటాడు. కానీ కుక్క పది పన్నెండేళ్లు బతుకుతుంది. ఆ పన్నెండేళ్ల లెక్క ముందే చూసుకోవాలి.

ఏ పనికి పనికొస్తుంది?

కుక్క ముఖ్యంగా చేసే పని అలికిడి కాగానే అరిచి మనిషిని లేపడం. కళ్లం దగ్గర, గొడ్ల సావిడి దగ్గర మనిషి పడుకునే చోట అది బాగా అక్కరకొస్తుంది. కోతులను, నెమళ్లను తరుముతుంది. అయితే చేలో ఎవరూ లేకుండా కుక్కను ఒక్కదాన్నే కట్టేసి వస్తే ఆ అరుపు వినేదెవరు?

అడవి పందుల గుంపు మీదికి ఒక్క కుక్క పోతే కోరలతో చీల్చేస్తాయి. కాబట్టి పందుల బెడదకు కుక్కను మందుగా అనుకోవద్దు. అడవి అంచున ఉన్న ఊళ్లలో చిరుతలు కుక్కల కోసం వస్తుంటాయి. అలాంటి చోట రాత్రిపూట కుక్కను ఆరుబయట కట్టేస్తే చిరుతను ఇంటికి పిలిచినట్టే. తలుపున్న కొట్టంలో ఉంచాలి.

తిండి ఖర్చు

పదిహేను కిలోల బరువుండే నాటు కుక్కకు రోజుకు సుమారు పావుకిలో బియ్యంతో వండిన అన్నమో, అంతే జొన్న సంకటో కావాలి. అంటే ఏడాదికి దాదాపు 90 కిలోల గింజలు. వాటితోపాటు మజ్జిగ, గుడ్డు, మాంసం ముక్కలు ఏవో ఒకటి పడాలి. ఉత్త గంజి పోస్తే కుక్క బలహీనపడుతుంది, ఊరి మీద పడి తిరుగుతుంది. ఉడికిన కోడి ఎముకలు పెట్టొద్దు. అవి సూదుల్లా చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. ఎలుకలకు జింక్ ఫాస్ఫైడ్ ఎర పెట్టిన రోజుల్లో కుక్కను తప్పకుండా కట్టేయాలి.

టీకా వేయించలేకపోతే పెంచొద్దు

పిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో రక్తవిరేచనాల రోగం (పార్వో) రాకుండా టీకాలు మొదలుపెట్టాలి. మూడు నెలలకు రేబిస్ టీకా వేయించాలి. తర్వాత డాక్టరు చెప్పిన గడువుకు మరో డోసు, ఆపై ఏటా ఒకసారి మానకుండా వేయించాలి. 1885 జులై 6న లూయీ పాశ్చర్ మొదటిసారి ఒక బాలుడికి రేబిస్ టీకా వేశాడు. దానికి గుర్తుగా ఏటా జులై 6న పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తుంటారు. ఆ తేదీ గుర్తుంచుకుంటే చాలు.

ఈ విషయంలో నేనూ తప్పు చేశాను. మా ఇంటి కుక్కకు రెండేళ్లపాటు టీకా వేయించలేదు. ఓ రోజు పిచ్చికుక్క దాన్ని కరిచింది. కొన్నాళ్లకు అది మా పెయ్యదూడను కరిచింది, ఆ తర్వాత చచ్చిపోయింది. మరికొన్ని రోజులకు దూడ మేత మానేసి చొంగ కార్చసాగింది. గొంతులో ఏదో అడ్డుపడిందనుకుని మా అన్నయ్య నోట్లో చెయ్యి పెట్టి వెతికాడు. డాక్టరు వచ్చి చూసి రేబిస్ లక్షణాలన్నాడు. ఇంటిల్లిపాదీ సూదులు వేయించుకున్నాం. మనుషులం బతికాం గానీ దూడ దక్కలేదు. పశువు చొంగ కారుస్తుంటే వట్టి చేతులతో నోరు తెరవొద్దు.

కుక్క కరిస్తే పుండును వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పావుగంట కడగాలి. పసుపు, కారం, సున్నం, ఆకు పసరు పెట్టొద్దు. ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. చెప్పిన తేదీల్లో సూదులన్నీ పూర్తిచేయాలి. రక్తం వచ్చేలా కరిస్తే పుండు చుట్టూ వేసే మందు కూడా అడగాలి. కరిచింది కూన అయినా నిర్లక్ష్యం పనికిరాదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం.

గొర్రెల కాపరులకు

మందలో గొర్రె తల వాల్చి ఒకవైపుకే గుండ్రంగా తిరుగుతుంటే దెయ్యం పట్టిందని తాయెత్తు కడతారు. దీనికి మూలం తరచుగా కుక్కే. కుక్క పేగుల్లోని బద్దెపురుగు గుడ్లు దాని పేడ ద్వారా గడ్డి మీద పడతాయి. ఆ గడ్డి మేసిన గొర్రె మెదడులో నీటితిత్తి పెరుగుతుంది. చచ్చిన గొర్రె తలకాయను కుక్క తింటే పురుగు మళ్లీ కుక్కలోకి చేరుతుంది. ఈ వలయాన్ని తెంచడం రైతు చేతిలో పనే. చచ్చిన జీవాల తల, కాలేయం, ఊపిరితిత్తులు కుక్కకు వేయకుండా లోతుగా పూడ్చాలి. మూడు నెలలకోసారి పశువైద్యుడు చెప్పిన మోతాదులో కుక్కకు నట్టల మందు తాగించాలి.

ఎలాంటి పిల్ల మంచిది?

బొచ్చు కుక్కలు మన ఎండకు తట్టుకోలేవు. చిన్న రైతుకు నాటు కుక్కే మేలు. కొల్లేరు ప్రాంతంలో బాతుల మందలను తోలిన జోనంగి కూడా మన నేలకు అలవాటు పడ్డదే. ఎనిమిది వారాలు నిండకుండా పిల్లను తల్లి నుంచి వేరు చేయొద్దు. తల్లి నెమ్మదస్తురాలో కాదో కళ్లారా చూడాలి. ఆడకుక్క రెండు నెలల చూలుతో ఈని, ఒక్కో ఈతలో నాలుగైదు, అంతకు మించి కూడా పిల్లలు పెడుతుంది. వాటిని ఎక్కడ వదులుతారు? ఆడదైనా మగదైనా పిల్లలు కలగకుండా ఆపరేషన్ చేయించడం మంచిది.

ఎవరు పెంచొద్దు?

ఏటా వలస పోయేవాళ్లు, కుక్కను పగలూ రాత్రీ గొలుసుతోనే ఉంచేవాళ్లు పెంచకపోవడమే మంచిది. ఎప్పుడూ కట్టేసిన కుక్క కోపిష్టిదవుతుంది. పాకే పసిపిల్లలున్న ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు కనిపెట్టుకుని ఉండాలి.

పిల్లను తెచ్చే ముందు రోజు రాత్రి ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి అడగండి. రోజూ తిండి పెట్టేదెవరు? ఏటా టీకాకు తీసుకెళ్లేదెవరు? మనం ఊరెళితే చూసేదెవరు? ఈ మూడింటికీ మనిషి పేరు చెప్పగలిగితే తెచ్చుకోండి. 'ఎవరో ఒకరు చూస్తార్లే' అని జవాబొస్తే ఈ ఏటికి ఆగండి. పక్క చేల రైతులతో వంతులు వేసుకుని కళ్లం కాపలా కాయడం మన ఊళ్లలో కొత్తేమీ కాదు.