అడవిని లెక్కగట్టే మాత్రిక

పుదుచ్చేరిలో సముద్రతీరానికి దగ్గరగా, సెయింట్ లూయీ వీధిలో ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 1955లో మొదలైన ఈ సంస్థలో సంస్కృత, తమిళ గ్రంథాల అధ్యయనంతో పాటు పశ్చిమ కనుమల అడవుల మీద కూడా దశాబ్దాలుగా పరిశోధన సాగుతోంది. అడవిలోకి వెళ్లే పరిశోధకులకు కావలసింది కొలత టేపు. కొలతలతో తిరిగి వచ్చాక కావలసింది మాత్రం డిగ్రీ విద్యార్థులు చదివే లీనియర్ ఆల్జీబ్రా.

ఇంటర్మీడియట్‌లో మాత్రికలు అందరికీ పరిచయమే. నిర్ధారకం కట్టడం, విలోమం కనుక్కోవడం అక్కడే వస్తాయి. డిగ్రీలో ఐగెన్ విలువలు, ఐగెన్ సదిశలు తోడవుతాయి. 3×3 మాత్రికకు ఐగెన్ విలువలు తప్పు లేకుండా రాబట్టగల విద్యార్థి కూడా, అవి దేనికని అడిగితే తడబడవచ్చు. అప్లైడ్ లీనియర్ ఆల్జీబ్రా కోర్సు జవాబు చెప్పాల్సిన ప్రశ్న అదే.

రెండు కొలతలు, ఒక దిశ

ఒక తోటలోని చెట్లకు రెండు కొలతలు తీశామనుకుందాం. ఒకటి మాను చుట్టుకొలత, రెండోది కొమ్మల గొడుగు వెడల్పు. మాను లావైన చెట్టుకు గొడుగు కూడా సాధారణంగా పెద్దదే. అంటే ఈ రెండూ కలిసి పెరుగుతాయి. ఏ కొలత ఎంత విస్తరించిందో, రెండూ ఎంతగా కలిసి మారుతున్నాయో ఒక 2×2 మాత్రికలో రాయవచ్చు. లెక్క తేలిక కోసం అందులో మొదటి వరుస 2, 1 అనీ, రెండో వరుస 1, 2 అనీ అనుకుందాం.

ఈ మాత్రికతో (1, 1) అనే సదిశను గుణిస్తే (3, 3) వస్తుంది. దిశ మారలేదు, పొడవు మూడు రెట్లయింది. (1, −1)ను గుణిస్తే అదే తిరిగి వస్తుంది. కాబట్టి ఐగెన్ విలువలు 3, 1. మొత్తం విస్తరణ 4 అయితే అందులో 3 వంతులు, అంటే 75 శాతం, (1, 1) దిశలోనే ఉంది. ఆ దిశకు ‘చెట్టు పరిమాణం’ అని పేరు పెట్టుకోవచ్చు. రెండు అంకెల బదులు ఒక్క అంకెతో తోటలోని తేడాల్లో ముప్పావు భాగం చెప్పేశాం. 1901లో కార్ల్ పియర్సన్ ప్రతిపాదించగా, 1933లో హెరాల్డ్ హోటెలింగ్ అభివృద్ధి చేసిన ‘ప్రధాన అంశాల విశ్లేషణ’ సారం ఇంతే.

పైనుంచి చూసిన అడవి

దట్టమైన అడవిలో ప్రతి చెట్టునూ కొలవడం కుదరదు. ఎండిన కలప బరువులో దాదాపు సగం కార్బన్. కాబట్టి అడవి ఎంత కార్బన్‌ను దాచుకుందో తెలియాలంటే చెట్ల మొత్తం బరువు అంచనా వేయాలి. ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్‌తో కలిసి పనిచేసిన పియర్ ప్లోటన్, రఫాయెల్ పెలిసియే, పియర్ కుటరాన్ తదితరులు ఇందుకోసం పశ్చిమ కనుమల గూగుల్ ఎర్త్ చిత్రాలను వాడి, 2012లో ‘ఎకలాజికల్ అప్లికేషన్స్’ పత్రికలో ఫలితాలు ప్రచురించారు.

వారి పద్ధతిలో ముందుగా చిత్రాన్ని చిన్న చిన్న చతురస్రాలుగా కోస్తారు. పైనుంచి చూస్తే చెట్ల గొడుగులు వెలుగు, నీడల మచ్చల్లా కనిపిస్తాయి. ఆ మచ్చలు ఎంత దూరానికొకసారి పునరావృతమవుతున్నాయో ఫూరియర్ విశ్లేషణ చెబుతుంది. ఒక పాటను మంద్ర, తార స్వరాలుగా విడదీసినట్టే ఇదీ. ఒక్కో చతురస్రం ఒక అడ్డు వరుస, ఒక్కో పునరావృత్తి స్థాయి ఒక నిలువు వరుస. ఇలా తయారైన పెద్ద మాత్రికకు ప్రధాన అంశాల విశ్లేషణ చేస్తే, ముఖ్యమైన దిశ సన్నని గరుకు నుంచి ముతక గరుకుకు సాగుతుంది. ముతకగా కనిపించే చోట పెద్ద గొడుగులున్న పెద్ద చెట్లుంటాయి.

సమాధానం లేని సమీకరణాలు

ఈ గరుకును టన్నుల్లోకి మార్చడానికి నేల మీద చెట్లను కొలిచిన కొన్ని స్థలాలు కావాలి. తెలియని రాశులు రెండే, సమీకరణాలు మాత్రం ఒక్కో స్థలానికి ఒకటి. అన్నింటినీ ఒకేసారి తృప్తిపరిచే సమాధానం సాధారణంగా ఉండదు. అప్పుడు తేడాల వర్గాల మొత్తం కనిష్ఠమయ్యే సమాధానాన్ని ఎంచుకుంటారు. ఇదే కనిష్ఠ వర్గాల పద్ధతి.

ఇందులోనూ ఒక చిక్కుంది. ఒకే కొలతను మీటర్లలో ఒకసారి, అడుగుల్లో మరోసారి పట్టికలో రాస్తే, లెక్కలో వచ్చే మాత్రికకు విలోమం ఉండదు. ఇలాంటి చోట పనికొచ్చేదే సాధారణీకరించిన విలోమం. గణాంక శాస్త్రంలో దాన్ని బలమైన సాధనంగా మలిచినవారిలో ముఖ్యుడు తెలుగువాడైన కల్యంపూడి రాధాకృష్ణారావు (1920–2023). వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన ఆయన 1962లో దీనిపై ఒక పత్రం ప్రచురించారు. 1971లో సుజిత్ కుమార్ మిత్రాతో కలిసి పూర్తి గ్రంథమే వెలువరించారు.

లెక్కకు తెలియనిది

కంప్యూటర్ (1, 1) బదులు (−1, −1) ఇచ్చినా తప్పు కాదు. రెండూ ఒకే రేఖ మీదున్నవే. ఏ కొస పెద్ద చెట్లదో లెక్కకు తెలియదు. అంతేకాదు, సూర్యుడి కోణం మారినా, కొండ నీడ పడినా చిత్రంలోని గరుకు మారిపోతుంది. దాన్ని చెట్ల తేడాగా పొరబడితే కార్బన్ అంచనా మొత్తం తప్పుతుంది. అందుకే నేల మీది కొలతలు తప్పవు. కర్ణాటకలోని కొడగు జిల్లా ఉప్పంగళ వద్ద 1990 ప్రాంతంలో ఏర్పాటు చేసిన శాశ్వత పరిశీలన స్థలంలో ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ చెట్ల చుట్టుకొలతలను పదేపదే నమోదు చేయడం అలాంటి పనే.

కోర్సులో చేతితో కట్టే లెక్కలు అవసరమే. వాటి పక్కన సొంత కొలతల పట్టిక ఒకటి ఉంటే విషయం బోధపడుతుంది. ఇరవై రావి ఆకుల పొడవు, వెడల్పు కొలిచి, 2×2 మాత్రిక రాసి, పెద్ద ఐగెన్ విలువకు చెందిన దిశ ఆ ఆకుల గురించి ఏం చెబుతోందో ఒక వాక్యంలో రాయమంటే చాలు. ఆ వాక్యం రాయగలిగిన విద్యార్థికి ఐగెన్ సదిశ అర్థమైనట్టే.