ఇరు యంత్రముల మైత్రి

నేడు పల్లెలయందును పట్టణములయందును స్మార్టుఫోను లేని యిల్లు అరుదు. అది మాటాడుటకే గాక చిత్రములు తీయుటకు, పాటలు వినుటకు, పాఠములు చదువుటకు గూడ సాధనమైనది. చెల్లెలి అక్షరాభ్యాసము, అన్న పెండ్లి, అమ్మమ్మ పాడిన జోలపాట ఇవన్నియు ఆ చిన్న పేటికలో ఇమిడి యుండును. కాని యది ఎంత సులభముగ చేతిలో ఇముడునో, అంత సులభముగ చేయి జారును. నీటిలో పడిన ఫోను, బస్సులో పోయిన ఫోను తనతోపాటు ఇంటివారి జ్ఞాపకములను గూడ గొనిపోవును. క్రొత్త ఫోనును కొనవచ్చును. అమ్మమ్మ కంఠమును కొనలేము. కావున ఫోనులోని వానికి కంప్యూటరులో ఒక ప్రతిని నిలుపుకొనుట వివేకము. అందులకు ఆ రెండు యంత్రములను కలుపు విధమును ఎఱుగవలయును.

పూర్వము కంప్యూటరునకు కీబోర్డును తగిలించుటకు ఒక ద్వారము, మౌసునకు ఒకటి, ముద్రణయంత్రమునకు వేఱొకటి యుండెడివి. ఒకదాని తీగ మఱియొకదానికి పనికివచ్చెడిది కాదు. ఈ చిక్కును తొలగించుటకై ఇంటెల్, ఐ.బి.ఎం., మైక్రోసాఫ్ట్ మొదలైన ఏడు సంస్థలు కూడి 1996 లో యు.ఎస్.బి. అను పద్ధతిని వెలువరించినవి. యూనివర్సల్ సీరియల్ బస్ అను మాటల మొదటి యక్షరములే యివి. పరికరములన్నిటికిని చెల్లునది యని దాని భావము. ఇంటెల్ సంస్థలో దీనిని రూపొందించిన వారిలో ముఖ్యుడగు అజయ్ భట్ భారతదేశమున జన్మించి, బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయమున చదివినవాడు.

సామాన్యమైన యు.ఎస్.బి. కేబులులో నాలుగు సన్నని తీగలుండును. వానిలో రెండు తీగలు 5 వోల్టుల విద్యుత్తును గొనివచ్చును. తక్కిన రెండు తీగలు సమాచారమును చేరవేయును. కొన్ని చౌక కేబులులలో ఈ సమాచారపు తీగలు ఉండవు. అట్టి కేబులుతో ఫోను ఛార్జి యగునే కాని, ఫోను వచ్చినదన్న సంగతియే కంప్యూటరునకు తెలియదు. ఫోను చెడినదని బెంగపడి మరమ్మతు దుకాణమునకు పరుగెత్తుటకు ముందు కేబులును మార్చి చూచుట మేలు. 2014 లో వెలువడిన టైప్-సి అను కొనను ఎటు త్రిప్పి పెట్టినను సరిపోవును. ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరు 28 నుండి తన దేశములలో అమ్మబడు క్రొత్త ఫోనులకు ఈ ద్వారమే ఉండవలెనని శాసించినది.

కేబులు తగిలించిన మరుక్షణమున ఇరు యంత్రముల నడుమ సంభాషణ జరుగును. ఇందు కంప్యూటరు ఆతిథేయి, ఫోను అతిథి. గడపకు వచ్చిన క్రొత్తవానిని ఊరు పేరు అడిగినట్లు, కంప్యూటరు ఫోనును "నీవెవరవు? నిన్ను చేసిన సంస్థ యేది? నీవేమేమి చేయగలవు?" అని ప్రశ్నించును. ఫోను తన గుర్తింపు సంఖ్యలను తెలుపును. అంతట కంప్యూటరు దానికి 1 మొదలు 127 వఱకు గల సంఖ్యలలో నొకదానిని చిరునామాగ నిచ్చి, దానితో మాటాడదగిన డ్రైవరు అను ప్రోగ్రామును సిద్ధపఱచును. ఇదంతయు ఒకటి రెండు క్షణములలో ముగియును.

ఐనను ఫోను వెంటనే తన లోగిలిని చూపదు. యజమాని అనుమతి దానికి కావలయును. ఆండ్రాయిడ్ ఫోనులు సాధారణముగ మొదట ఛార్జి మాత్రమే స్వీకరించును. తాళము తీసి, తెరపై వచ్చిన సూచనను తాకి, ఫైల్ ట్రాన్స్‌ఫర్ అను దానిని ఎన్నుకొనవలయును. ఐఫోనైనచో "ఈ కంప్యూటరును నమ్ముదురా?" అని యడుగును. ఈ ప్రశ్న విసుగు పుట్టించుటకు కాదు, రక్షణ కొఱకు. రైలు స్టేషనులో ఛార్జి కొఱకు పెట్టిన యు.ఎస్.బి. ద్వారము వెనుక ఏ యంత్రమున్నదో బాటసారి యెఱుగడు. అట్టిచోట ఫోను ఈ ప్రశ్న వేసినచో వలదనియే చెప్పవలయును.

అనుమతి దొరకిన పిమ్మట జరుగు పనియు గమనింపదగినది. తొలినాటి ఫోనులు తమ నిలువనంతను కంప్యూటరు వశము చేసెడివి. అది గాదెతోపాటు తాళపుచెవిని గూడ అప్పగించుట వంటిది. ఆ సమయమున ఆ నిలువను ఫోను వాడుకొనలేకుండెను. నడుమ కేబులు ఊడినచో లెక్కలు తాఱుమాఱయ్యెడివి. 2011 ప్రాంతమునుండి ఆండ్రాయిడ్ ఫోనులు ఎం.టి.పి. అను వేఱొక పద్ధతిని అనుసరించుచున్నవి. ఇందు ఫోను గ్రంథాలయాధికారి వలె మెలగును. కంప్యూటరు కోరిన గ్రంథమును తానే తీసి యిచ్చును. బీరువాల తాళమును మాత్రము తన మొలనే యుంచుకొనును.

ఇక వేగము సంగతి. 2000 లో వచ్చిన యు.ఎస్.బి. 2.0 పద్ధతి సెకనునకు 480 మెగాబిట్లను పంపగలదు. 8 బిట్లు ఒక బైటు. అనగా సెకనునకు 60 మెగాబైట్లు. ఆచరణమున అంత వేగము రాదు. అందు సగమే లభించెననుకొన్నను, 3 మెగాబైట్ల చిత్రములు సెకనునకు పది చొప్పున చేరును. వేయి చిత్రములైనను కొలది నిమిషముల పని.

కేబులు లేకుండ వైఫై, బ్లూటూత్ అను రేడియో తరంగ పద్ధతులచేతను ఫోనును కంప్యూటరుతో కలుపవచ్చును. పదవ శతాబ్దపు డెన్మార్కు రాజు హెరాల్డునకు గల బిరుదమే బ్లూటూత్ అను పేరునకు మూలము. చిన్న ఫైళ్లకు అది చాలును. పెద్ద ఫైళ్లకు కేబులు గాని వైఫై గాని మేలు.

ఆండ్రాయిడ్ ఫోనును కలిపిన పిమ్మట కంప్యూటరు తెరపై దాని పేరు కనబడును. దానిని తెరచి, కెమేరాతో తీసిన చిత్రములుండు డి.సి.ఐ.ఎం. అను ఫోల్డరును వెదకవలయును. కావలసిన వానిని కంప్యూటరులోనికి కాపీ చేయవలయునే కాని, మూలమును కదల్పరాదు. పని నడుచుచుండగా కేబులును లాగరాదు. ప్రతులను ఒక్కొక్కటిగ తెరచి, చిత్రము కనబడుచున్నదా, పాట వినబడుచున్నదా అని చూచిన పిమ్మటనే, చోటు చాలనిచో, ఫోనులోని వానిని చెఱపవలయును. అపుడైనను మిక్కిలి విలువైన వానికి వేఱొకచోట రెండవ ప్రతి యుండుట క్షేమము.

ఈ నీతి క్రొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున చార్లెస్ ఫిలిప్ బ్రౌను తెలుగు గ్రంథములు తాళపత్రములలో శిథిలమగుచుండుట చూచి, వానిని సేకరించి, కడపలో పండితులను నియమించి ప్రతులు వ్రాయించెను. ఆ ప్రతులను ఒకదానితో నొకటి పోల్చి సరిచూపించెను. ఆనాడు ఘంటము, తాళపత్రము, కాగితము. ఈనాడు ఫోను, కేబులు, కంప్యూటరు. సాధనములు మాఱినవి, శ్రద్ధ మాఱలేదు.