వాలుపొలమునకు వట్టివేరు కాపు

వేసవిలో వాకిళ్లకు కట్టు తడికలలోను, కడవనీటిలోను వట్టివేరు పరిమళమును మనమందరము ఎఱుగుదుము. దీనినే కన్నడిగులు లావంచ యనియు, మహారాష్ట్రులు వాళా యనియు, ఒడియావారు బెణా యనియు అందురు. వెటివర్ అను ప్రపంచనామము తమిళమునుండి వచ్చినది. ఈ వేరును పెరికి అమ్ముటకంటె నేలలోనే నిలుపుటవలన మెట్టరైతునకు కలుగు లాభమును తెలుపుట ఈ వ్యాసోద్దేశము.

వాలుగా నున్న మెట్టపొలముపై పెద్దవాన కురిసినపుడు, నీరు దిగినకొలది వేగము హెచ్చి పైపొర మట్టిని కొనిపోవును. ఎరువును, ఆకు కుళ్లిన సారమును ఆ పొరయందే యుండును. ఒక ఏట పోయినది కంటికి కానరాదు. ఇరువది ఏండ్లకు రాళ్లు తేలును. అప్పుడు తండ్రి కుమారునకు ఎకరముల లెక్క తప్పక అప్పగించినను, పొలపు సారము నప్పగింపజాలడు.

మట్టిగట్టు నీటిని ఆపును. కాని ఒకచోట తెగినచో నిలిచిన నీరంతయు ఆ గండినుండియే ఉరికి నేలను కోయును. వట్టివేరు దడి నీటిని ఆపదు; నెమ్మదింపజేసి, వరుస పొడవున పరచి, వడగట్టి వదలును. వేగము తగ్గిన నీరు మట్టిని మోయజాలక దడికి ఎగువనే దించును. ఏటేట అది పేరుకొని మెట్లు ఏర్పడును. వేళ్లు ప్రక్కలకు పాకక, మంచి నేలలో రెండు మూడు మీటర్ల లోతునకు దిగుటచే పైరునకు పోటీ తక్కువ.

కర్ణాటకమందలి గుండ్లుపేట ప్రాంతపు రైతులు తరతరములుగా పొలముల సరిహద్దులలో ఈ దడిని పెంచుచు, అంచులను నాగలితో దున్ని వెడల్పు కాకుండ కాచుకొనుచు, లేతాకును పశువులకు మేపిరి. 1980 తరువాతి దశకమున ప్రపంచ బ్యాంకు నిపుణులు జాన్ గ్రీన్‌ఫీల్డ్, రిచర్డ్ గ్రిమ్‌షాలు ఈ పద్ధతిని మన దేశమున ప్రచారము చేసిరి.

నాటుటలో ముఖ్యమైనది వరుస. అది వాలుకు అడ్డముగా, అంతటను ఒకే మట్టమున సాగవలెను. రెండు కర్రలను పైన కలిపి కట్టి, నడుమ అడ్డకర్ర బిగించి, పైకొననుండి రాతిని దారముతో వ్రేలాడదీయవలెను. చట్రమును రెండు గుర్తులపై నిలిపి దారము తగులుచోట గీత గీసి, కాళ్లను తారుమారు చేసి మరల గీయవలెను. ఆ రెంటి నడిమిచోటే మట్టము. దారము అచట నిలుచునట్లు అడుగడుగునకు మేకులు పాతినచో వరుస సిద్ధించును. నూటికి పది వాలున్న నేలలో వరుసలకు నడుమ పది మీటర్లుండిన ఒక మీటరు దిగుడు వచ్చును.

తొలకరిలో దుబ్బును చీల్చి, వేళ్లున్న పిలకలను నాలుగు నుండి ఆరు అంగుళముల దూరమున నాటవలెను. విత్తనము మొలవని దక్షిణదేశపు రకమునే ఎన్నుకొనవలెను. చచ్చినచోట మరల నాటవలెను. ఖాళీ యున్న దడి గండిపడిన గట్టువంటిదే. రెండు మూడేండ్లకు దడి చిక్కనగును. పిమ్మట మూరెడెత్తున కోయుచుండిన చాలును.

దడి కొంత చోటు తినునన్నది నిజమే. అది పోయెడి మట్టికి చెల్లించు వెల. వేరునకు ధర పలికినపుడు దడిని త్రవ్వుట మాత్రము తగదు. త్రవ్విన నేలయే మొదట కొట్టుకొనిపోవును. అమ్మదలచినవారు సమతలమున వేఱుగా పెంచుకొనవలెను.

పైని చెప్పిన చట్రమును మన పిల్లలు ఒక పూటలో చేయగలరు. ఈ సెలవులలో వారిని వెంటబెట్టుకొని స్వగ్రామపు పొలమున ఒక్క వరుసనైనను గుర్తింపుడని తల్లిదండ్రులకు మా మనవి.